నుదుటి మీద పాలు

అనగనగా గుర్రపు డెక్కల చప్పుడుతోనే తెల్లవారే రాజ్యం ఒకటి ఉండేది. పేరు మంజులగిరి. దాని రాజు జయంధరుడు. మంచివాడే, కాని ముక్కుమీద కోపం.

నీలవేణి అనే ఆడగుర్రం అంటే ఆయనకు ప్రాణం. శత్రువులు తరిమినప్పుడు పొంగుతున్న ఏటిని ఈది ఆయనను ఒడ్డుకు చేర్చిన గుర్రం అది. ముసలితనంలో చూడి కట్టింది. ఒకనాడు సూర్యోదయాన ఈనింది. నల్లని మగపిల్ల.

అశ్వశాల పెద్ద చెన్నమనాయుడు పక్కనే కూర్చున్నాడు. గుర్రప్పిల్ల బతికి బట్టకట్టాలంటే తన కాళ్లపై తాను నిలవాలి, తల్లి ముర్రుపాలు తాగాలి, తొలి లద్దె వేయాలి. ఆలస్యమైన కొద్దీ ప్రాణం జారిపోతుంది.

కబురు తెలుసుకు రమ్మని రాజు పంపిన భటుడు మొదటిసారి వచ్చేసరికి పిల్ల లేవబోయి పడింది. మళ్లీ లేచింది, మళ్లీ పడింది. చివరకు కాళ్లు ఎడంగా పెట్టి, వణుకుతూ నిలబడింది. భటుడు ఆ మాట మోసుకుపోయాడు.

రెండోసారి వచ్చేసరికి పిల్ల తల్లి పొట్ట కింద తల దూర్చి ఉంది. తాగుతోందనుకుని భటుడు క్షణం ఆగకుండా పరుగెత్తాడు. కాసేపటికే కోటలో సంబరంగా నగారాలు మోగాయి.

అప్పుడు పిల్ల తల బయటికి తీసింది. చెన్నమనాయుడు వంగి చూశాడు. దాని నుదురంతా పాలతో తడిసి ఉంది, పెదవులు మాత్రం పొడిగా ఉన్నాయి. పొదుగు బిగుసుకుని పాలు వాటంతటవే కారుతున్నాయి. నోట్లో వేలు పెట్టి చూశాడు. పిల్ల చప్పరించలేదు.

మూడోసారి భటుడు ఆజ్ఞతో వచ్చాడు. తల్లీపిల్లలను అలంకరించి ఊరేగింపుకు తీసుకురావాలట.

చెన్నమనాయుడు లోలోపల లెక్క వేసుకున్నాడు. నగారాలు మోగించిన రాజుకు ఎదురు చెబితే తల నిలుస్తుందా? ఊరుకుంటే, పిల్ల దారిలో చచ్చినా ఎండదెబ్బ అని తప్పుకోవచ్చు. ఆ మాటే భార్య పోలమాంబతో అన్నాడు.

ఆమె పిల్ల చెవులు తాకి చూసింది. చల్లబడుతున్నాయి.

"రాజుగారి కోపం రేపటికైనా చల్లారుతుందండీ. దీని ఆకలి రేపటిదాకా ఆగదు."

పిల్లను ఆమెకు అప్పగించి అతడు కోటకు వెళ్లాడు. తలవంచి, పిల్ల ఇంకా పాలు తాగలేదని, ఊరేగింపు ఆపించమని మనవి చేశాడు.

నగారాలు ఆగిపోయాయి. రాజు ముఖం ఎర్రబడింది. తాగిందన్నది ఎవరని గర్జించాడు. భటుడు గోడకు అతుక్కుపోయాడు.

"అది తర్వాత విచారించండి, ప్రభూ. ముందు మీరు రావాలి. నొప్పికి నీలవేణి పొదుగు ముట్టనివ్వడం లేదు. మీ చెయ్యి తగిలితే నిలుస్తుంది," అన్నాడు చెన్నమనాయుడు.

రాజు వెంటనే అశ్వశాలకు నడిచాడు. ఆయన నీలవేణి మెడ కావలించుకుని నిలబడితే చెన్నమనాయుడు పాలు పిండాడు. పోలమాంబ ఉగ్గుగిన్నెతో చుక్కచుక్కగా పిల్ల నాలుక మీద వేసింది. పాలు పెదవి చివరనుంచి జారిపోయాయి. మళ్లీ వేసింది, మళ్లీ జారాయి. చాలాసేపటికి పిల్ల గొంతు కదిలింది. గుటక పడింది.

పొద్దు వాలేసరికి అది తానే లేచి, పొదుగు వెతుక్కుని, చప్పుడయ్యేలా తాగింది. లద్దె కూడా వేసింది. రాజు అక్కడే గడ్డిమీద కూలబడి కళ్లు తుడుచుకున్నాడు.

"నాయుడూ, నా కోపానికి జడిసి నువ్వు ఊరుకుని ఉంటే, దీన్ని చంపింది నేనే అయ్యేవాణ్ణి," అన్నాడు.

కాబట్టి పిల్లలూ, వినేవారికి చేదైనా నిజాన్ని వేళకు చెప్పాలి. వేళ దాటాక చెప్పిన నిజం పోయిన ప్రాణాన్ని తేలేదు.