వీతిహోత్రుడి నాలుగు ముద్దలు

...అయితే ఆ వాసన గోదావరి లంకల్లో తడిసిన రెల్లుదా, లేక మొన్న విడిచివచ్చిన యవద్వీపపు రేవులో ఎండబెట్టిన లవంగాలదా, అని ఓడ అంచున కూర్చున్న వీతిహోత్ర మహర్షి ఆలోచిస్తూనే ఉన్నాడు. ఎదురుగా బలిద్వీపం నీళ్ళలోంచి లేచి వస్తోంది. మబ్బును తలపాగాలా చుట్టుకున్న అగ్నిపర్వతం, దాని ఒడిలో మెట్లుమెట్లుగా దిగివచ్చే వరిమళ్ళు, మళ్ళ మధ్య గడ్డి కప్పుల గుడులు. ఆయన కళ్ళు వాటిని చూస్తున్నాయి గాని మనస్సు చూడడం లేదు. ఈ కొండను తాను చూసేది ఇప్పుడు కాదనీ, ఇక్కణ్ణుంచి వెళ్ళిపోయిన తర్వాత, మరో ఓడ అంచున కూర్చున్నప్పుడనీ ఆయనకు తెలుసు.

పూర్వం, సముద్రం దాటితే దోషమని ఇంకా ఎవరూ అనుకోని కాలంలో, గోదావరి కడలిలో కలిసేచోట రెల్లుదుబ్బుల్లో దొరికిన పసికందు ఈ మహర్షి. ఏడుపు విని వచ్చిన తాపసులు చుట్టుపక్కల తల్లి జాడ కనిపించక, ఇతడు స్త్రీగర్భాన పుట్టినవాడు కాడు, రెల్లులో పడిన ఏ దివ్యతేజస్సో ఇలా శిశువైంది అని నిశ్చయించి, అయోనిజుడని కొనియాడి, పెంచే భారాన్ని జటిల అనే వృద్ధతాపసికి అప్పగించారు. ఆ పిల్లవాడు మధ్యాహ్నాలు రెల్లుపొదల దగ్గర ఒంటరిగా కూర్చుని ఎవరితోనో మాట్లాడుతూ ఉండేవాడు.

"ఎవరితోరా ఆ కబుర్లు?" అనేది జటిల.

"వాళ్ళతో."

"ఏ వాళ్ళు? నువ్వు అయోనిజుడివి నాయనా. నీకు తోబుట్టువులెక్కడివి? లే, సమిధలు తడిసిపోతున్నాయి."

వేదాలు వచ్చిన తర్వాత ఆ కబుర్లు ఆగిపోయాయి. వాటి స్థానంలో ఒక బెంగ వచ్చింది. ఉన్నచోట ఉండలేకపోవడమే ఆ బెంగ. ఆశ్రమంలో ఉన్నన్నాళ్ళూ ఆశ్రమం రుచించలేదు. కళింగానికి వెళ్ళగానే జటిల చేతి గంజి మీదికి మనసు పోయింది. కళింగం వదిలి యవద్వీపం చేరాక, తాను చిరాకుపడిన కళింగపు చేపలరేవే కలల్లోకి రాసాగింది. ఆయన మనస్సు ఎప్పుడూ ఒక ఊరు వెనకే ఉండేది. విస్తరిలోని అన్నం నోటికి మట్టిలా ఉండి, మరునాడు తలచుకుంటే అమృతంలా ఉండేది.

చివరికి విసిగి ఘోరతపస్సు చేయగా, పద్మసంభవుడైన విధాత ప్రత్యక్షమయ్యాడు.

"వత్సా, నీ తపస్సుకు సంతోషించాను. ఏం కావాలో కోరుకో" అన్నాడు.

"చతురాననా! లోకులు స్వర్గం కోరతారు. నాకు కాలి కింది నేల చాలు. ఎక్కడ నిలబడితే అక్కడ ఉండగలిగే వరం ప్రసాదించు."

"అది నేనొక్కణ్ణీ ఇవ్వగలిగేది కాదు. నీకు సంబంధించినవాళ్ళు నలుగురున్నారు. వాళ్ళ సంగతి బలిద్వీపంలో తెలుస్తుంది. నిన్ను అక్కడికి చేర్చిన ఓడ, గాలి తిరిగాక మళ్ళీ తెరచాప ఎత్తేలోగా ఆ నలుగురికీ నీ చేత్తో అన్నం పెట్టు. పెట్టగలిగితే వరం నీదే. పెట్టలేకపోతే ఈ బెంగ వచ్చే జన్మకూ నీ వెంట వస్తుంది."

"దేవా, ఆ నలుగురూ ఎవరు?"

బ్రహ్మదేవుడు నాలుగు ముఖాలతోనూ చిరునవ్వు నవ్వి అంతర్ధానమయ్యాడు. అందుకే ఈ ప్రయాణం.

ద్వీపంలో ఆయనకు ఆతిథ్యమిచ్చినవాడు ముఖాలు చెక్కే నెంగా అనే శిల్పి. దేవతలకు, రాజులకు, ముసలి మంత్రులకు, నృత్యంలో పెట్టుకునే కొయ్యముఖాలు చెక్కడం అతని వంశవృత్తి. కొయ్య కోసేముందు చెట్టును అనుమతి అడిగి, బతికున్న చెట్టు ఉబ్బిన భాగాన్ని మాత్రమే కోసి తెచ్చుకుంటాడు. మహర్షి అతని గుమ్మంలో అడుగుపెడుతూ ఉలిక్కిపడి ఆగిపోయాడు. కొబ్బరాకుతో అల్లిన చిన్న దొన్నె ఒకటి నేల మీద ఉంది. అందులో పూలు, చిటికెడు అన్నం, కాలుతున్న అగరువత్తి. ఒక కుక్క తాపీగా వచ్చి ఆ అన్నం తిని వెళ్ళింది.

"నాయనా, నైవేద్యాన్ని కుక్క ముట్టింది!" అన్నాడు మహర్షి.

"ముట్టనీండి స్వామీ. పెట్టేదాకా అది మాది. పెట్టాక మాది కాదు గదా" అన్నాడు నెంగా. "జాగ్రత్తగా దాటి రండి. మా అమ్మ చూస్తే కుక్కని ఏమీ అనదు గాని, తొక్కినవాణ్ణి మాత్రం వదలదు."

మరునాడే మహర్షి వెతుకులాట మొదలుపెట్టాడు. "నెంగా, ఈ ఊళ్ళో నలుగురు అంటే ఎవరు?" అని అడిగాడు.

నెంగా ఉలి ఆపకుండానే, "నాలుగు అంటే మా పేర్లే స్వామీ. మొదటి బిడ్డ వయన్, రెండో బిడ్డ నెంగా, మూడో బిడ్డ న్యోమాన్, నాలుగో బిడ్డ కెతుత్. ఐదో బిడ్డ పుడితే మళ్ళీ వయనే" అన్నాడు.

మహర్షికి ప్రాణం లేచివచ్చింది. వీధిలోకి వెళ్ళి, యజ్ఞశాలలో దేవతలను పిలిచే గంభీరస్వరంతో "వయన్!" అని పిలిచాడు. బాతులను తోలుకెళుతున్న ముసలివాడు, తలమీద పళ్ళగోపురం మోస్తున్న ఇల్లాలు, బురదకాళ్ళతో పొలం నుంచి వస్తున్న ముగ్గురు రైతులు, అందరూ ఒక్కసారే వెనక్కి తిరిగారు.

"ఏ వయన్ కావాలి స్వామీ?" అని నవ్వింది ఆ ఇల్లాలు. "ఈ వీధిలో సగం మంది వయన్లమే."

అయినా ఆయన నిరాశపడలేదు. ఒక్కో పేరుకు ఒక్కరిని ఎంచుకుని, స్వయంగా వండి, స్వయంగా వడ్డించాడు. వాళ్ళు కడుపునిండా తిని, ఉప్పు తగ్గిందని ఉన్నమాట చెప్పి, దీవెనలు తీసుకుని వెళ్ళారు. ఆ సాయంత్రం కూడా ఆయన మనస్సు యవద్వీపపు రేవులోనే ఉంది.

తర్వాత గుడి పండుగలో తోలుబొమ్మలాట చూశాడు. అక్కడ పగటిపూట తెర ఉండదు. దారం ఒకటి కట్టి దాని వెనక ఆడిస్తారు. చిన్ననాడు జటిల చెప్పిన కథే వేరే గొంతులో, వేరే యాసలో వినిపిస్తుంటే ఆయనకు కళ్ళు చెమర్చాయి. కథలో వీరుల వెంట తిరుగుతూ అందరినీ నవ్వించే సేవకులు నలుగురున్నారని గమనించి, ఆట అయ్యాక అన్నం పళ్ళెంతో ఆటగాడి దగ్గరికి వెళ్ళాడు.

ఆటగాడు పళ్ళెం కేసి, బొమ్మల కేసి చూసి, "స్వామీ, వీళ్ళకి పెడితే తోలు పాడవుతుంది. నాకు పెట్టండి, నలుగురి మాటలూ మాట్లాడింది నేనే" అన్నాడు.

రోజులు గడిచాయి. పై మడి నుంచి కింది మడికి నీళ్ళు వదిలేవాళ్ళు నీటిగుడిలో కూర్చుని వంతులు మాట్లాడుకోవడం చూశాడు. కంచుగంటల మేళం ఒకే మనిషి వాయించినట్టు ముప్పై చేతులు వాయించడం విన్నాడు. ఇవన్నీ ఎంత అందమైనవో ఆయనకు తెలుస్తూనే ఉంది. అద్దంలో కనిపించే దీపంలా తెలుస్తోంది, వెచ్చదనం లేదు. కొండ మీది మబ్బు ఒకనాడు దిక్కు మార్చుకుంది. గాలి తిరగబోతోందని నావికులు తాళ్ళు సరిచూసుకోసాగారు.

ఆ ఉదయమే నెంగా భార్య రస్మి ప్రసవించింది. మగపిల్లవాడు. ఇల్లంతా పసుపు, కొబ్బరినూనె వాసన. నెంగా తల్లిని ఊరంతా దడోంగ్ అనేవారు. ఆ భాషలో అవ్వ అని అర్థం. ఆవిడ కాన్పు తర్వాత పడిన మాయను శుభ్రంగా కడిగి, చీల్చిన కొబ్బరికాయలో పెట్టి మూసి, తెల్లగుడ్డ చుట్టి, నెంగా చేత గుమ్మం పక్కన గొయ్యి తీయించి పాతిపెట్టించింది. దాని మీద ఒక రాయి పెట్టి, రాతి పక్కన దీపం పెట్టి, ఆకులో అన్నం ముద్దలు పెట్టింది. లోపల రస్మి బిడ్డ నోటికి రొమ్ము అందించేముందు కొన్ని పాలచుక్కలు నేల మీద పిండింది.

మహర్షి ఆ ముద్దలు చూస్తూ, "తల్లీ, ఇవి ఎవరికి?" అని అడిగాడు.

"వీడి తోబుట్టువులకి" అంది దడోంగ్, మోకాళ్ళ మీది మట్టి దులుపుకుంటూ. "బిడ్డ ఒక్కడే వస్తాడా స్వామీ? ముందు ఉమ్మనీరు దారి చూపిస్తూ వస్తుంది, అది అన్న. నెత్తురు, ఒంటిమీది తెల్లని జిడ్డు వీడితోపాటు వస్తాయి. వెనక మాయ వస్తుంది, అది ఆఖరిది. నలుగురు. మనిషి బతికినన్నాళ్ళూ వెన్నంటి కాస్తారు. అన్నం తినేముందు వాళ్ళని పిలవాలి. పిలవనివాడికి ఒంట్లో బాగుండదు, మనసులోనూ బాగుండదు."

నలుగురు అనే మాట మహర్షి గుండెలో శంఖంలా మోగింది. మరుక్షణమే ఆ గుండె జారిపోయింది.

"నాకు వాళ్ళు లేరు తల్లీ. నేను అయోనిజుణ్ణి."

"అంటే?"

"గర్భం నుంచి పుట్టనివాణ్ణి."

ఆ మాటకు ఇంతవరకు ఎక్కడ విన్నవాళ్ళయినా చేతులు జోడించారు. రాజులు సింహాసనం దిగారు. దడోంగ్ మాత్రం, "అయ్యో నాయనా!" అంది.

అంతే అంది. కాని ఆ జాలి ఆయనకు కొత్త. తపస్సులో లోకాలను వణికించినవాడు, ఆ ముసలావిడ 'అయ్యో' ముందు నిలవలేక, స్నానానికని పవిత్రధారల కోనేటికి వెళ్ళిపోయాడు. రాతి తూముల కింద వరుసలో నిలబడిన జనం మధ్య తన వంతు కోసం ఆగి, ధార కింద తల వంచాడు. నీళ్ళు మెడ మీదుగా, రొమ్ము మీదుగా జారి కడుపు మీద ఒక చిన్న గుంటలో సుడి తిరిగి, అక్కణ్ణుంచి కిందికి పోతున్నాయి.

ఆయన ఆ గుంటను చూశాడు.

పద్మనాభుడి నాభిని ఎన్ని స్తోత్రాలలో కీర్తించాడో! దానిలోంచి పుట్టిన విధాతను కళ్ళారా చూశాడు. తన బొడ్డు మాత్రం రోజూ స్నానంలో తడుముకుంటూనే, అది ఒక ముడి అనీ, ముడి ఉందంటే ఒకప్పుడు తాడు ఉండాలనీ, తాడుకు అవతలి కొస కూడా ఉండాలనీ ఒక్కనాడూ అనుకోలేదు. అనుకోకపోవడం తెలివితక్కువ కాదు. తల్లి వదిలి వెళ్ళిందన్న మాట కంటే తల్లే లేదన్న మాట మోయడం తేలిక. అది మోస్తూ ఇంత దూరం వచ్చాడు.

వెనక వరుసలోని మనిషి, "స్వామీ, మీ వంతు అయిపోయింది, నీళ్ళు అందరివీ!" అన్నాక గాని ఆయన కదల్లేదు.

తడిబట్టలతోనే ఇంటికి వచ్చి, గుమ్మం దగ్గర పూలదొన్నెలు అల్లుతున్న దడోంగ్ ఎదురుగా నిలబడి, "తల్లీ, వాళ్ళని ఎవరూ పాతిపెట్టకపోతే ఏమవుతారు? ఏ రెల్లుపొదల్లోనో వదిలేస్తే?" అని అడిగాడు.

ఆవిడ అల్లుతున్న దొన్నె పక్కన పెట్టింది. "ఏమవుతారు? వెతుక్కుంటూ వెనకే వస్తారు. ఆకలితో."

"మరి ఇన్నేళ్ళయినా నన్ను ఎందుకు చేరలేదు?"

"చిన్నపిల్లలు గదా నాయనా. చిన్న అడుగులు."

మహర్షి గుమ్మం అరుగు మీద పరిచి ఉన్న చాపపై కూర్చున్నాడు. కళింగంలో ఉన్నప్పుడు ఆశ్రమం ఎందుకు లాగిందో, యవద్వీపంలో ఉన్నప్పుడు కళింగం ఎందుకు లాగిందో ఇప్పుడు అర్థమైంది. తాను ఒక ఊరు విడిచే వేళకు వాళ్ళు ఆ ఊరు చేరుకుంటున్నారు. తాను కూర్చున్న చాప ఇంకా వెచ్చగా ఉండగా వచ్చి, ఖాళీ చాప చూసి, తనను పిలుస్తున్నారు. తాను బెంగ అనుకున్నది ఆ పిలుపే. ఆ నలుగురూ ఇప్పుడు యవద్వీపం దాటి, తడికాళ్ళతో ఇటే నడిచి వస్తూ ఉంటారు.

సరిగ్గా అప్పుడే రేవు వైపు నుంచి, తొలిచిన కొయ్యమొద్దును కొట్టే మోత వినిపించింది. నెంగా పరుగున వచ్చాడు.

"స్వామీ, గాలి తిరిగింది! ఓడ తెరచాప ఎత్తబోతోంది. మిమ్మల్ని పిలుస్తున్నారు, రండి, మీ మూట నేను తెస్తాను!"

ఎప్పటిలాగే ఆయన కాళ్ళు వాటంతటవే లేచాయి. ఎన్నో రేవుల్లో ఇలాగే లేచాయి. ఆయన వాటిని చేత్తో పట్టుకుని మళ్ళీ మడిచి, బాసింపట్టు వేసుకున్నాడు.

"నెంగా, మూట ఉండనీ. అమ్మా, కొంచెం అన్నం పెట్టించు."

"ఓడ, స్వామీ!"

"పోనీ నాయనా. నేను ఈసారి ముందు వెళ్ళను."

దడోంగ్ లోపలికి వెళ్ళి అరిటాకులో వేడి అన్నం తెచ్చి ఆయన ముందు పెట్టింది. రాజుల యాగాల్లో దేవతలను పేరుపేరునా పిలిచిన నోటికి ఆ నలుగురినీ ఎలా పిలవాలో చాలాసేపు తెలియలేదు. రెల్లుపొదల దగ్గర ఏమని పిలిచేవాడు? గుర్తు రాలేదు. ఒక ముద్ద చేసి నేల మీద ఆకులో పెట్టి, "అన్నా" అన్నాడు. ముందు నడిచి దారి చూపినవాడికి అది. రెండోది, మూడోది పెట్టాడు. నాలుగోది కొంచెం పెద్దదిగా చేసి, ఆఖరివాడికి కాబట్టి మెత్తగా మెదిపి పెట్టాడు.

"నెమ్మదిగా రండి" అన్నాడు. "నేను ఇక్కడే ఉంటాను."

రేవులో మోత ఆగిపోయింది. తెరచాప ఎత్తినట్టున్నారు. ఆయన తన వంతు ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. ఉప్పు సరిపోయింది. కొబ్బరి తగిలింది. అప్పుడు వాసన వచ్చింది. గోదావరి రెల్లుది కాదు, యవద్వీపపు లవంగాలది కాదు. పసుపు, కాలుతున్న అగరువత్తి, నెంగా చెక్కుతూ వదిలిన పచ్చికొయ్య, లోపల పాలు తాగుతున్న పసిబిడ్డ తల. మబ్బు తొలగి కొండ శిఖరం కనిపిస్తోంది, ఆయన దాన్ని ఇప్పుడే చూస్తున్నాడు. విధాత మాట తప్పలేదు.

గుమ్మంలో గాలి కదిలి దీపం ఒకసారి వంగి లేచింది. వీతిహోత్రుడు తలెత్తకుండానే కొంచెం పక్కకు జరిగి, చాప మీద చోటిచ్చాడు.