ఆది జాకెట్టు

హైమ కట్టిన లెక్కని నాంచారి అత్తగారు నమ్మలేదు.

నాంచారికి కడుపునొప్పి వస్తే గుంటూరులో ఒక పెద్దాసుపత్రిలో పొట్టకి సీటీ స్కానింగ్ తీశారు. నెల తప్పిన సంగతి అప్పటికి ఆమెకే తెలీదు. తెలిశాక ఇంటిల్లిపాదికీ బెంగ పట్టుకుంది. లోపలి బిడ్డకి ఆ స్కానింగ్ కిరణాలు ఎంత తగిలాయో, బిడ్డని ఉంచుకోవాలో తీయించుకోవాలో తేల్చమని మళ్ళీ అక్కడికే వచ్చారు.

కిరణాల లెక్క తేల్చే పని అక్కడ ఉద్యోగం చేసే హైమది. బిడ్డ దగ్గరికి వెళ్ళి కొలవడం ఎవరివల్లా కాదు గనక, కంప్యూటర్లో ఒక బొమ్మ ఉంటుంది. ఎముకలు, పేగులు, గర్భసంచితో సహా ఆడమనిషి ఒళ్ళంతా లెక్కల్లో కట్టిన బొమ్మ. నాంచారికి తీసిన స్కానింగే ఆ బొమ్మకీ తీసినట్టు చేస్తే, ఎక్కడ ఎంత తగిలిందో చెబుతుంది. కిరణాల కొలతలో పదకొండు పాయింట్ నాలుగు మూడు అని చెప్పింది. వంద దాటితేనే బిడ్డకి హాని గురించి ఆలోచించాలి. హైమ ధీమాగా ఆ మాటే చెప్పింది.

"బొమ్మ చెప్పిందా?" అంది అత్తగారు. "స్కానింగ్ తీసిందీ మీరే, లెక్క కట్టిందీ మీరే. ఎక్కువైందని ఎందుకు చెబుతారులే."

నాంచారి కొంగు పొట్ట మీదికి లాక్కుని కూర్చుంది.

హైమ మొహం మాడ్చుకుని రూతమ్మగారి గదికి వచ్చింది. ఈ విద్యంతా ఆవిడ దగ్గర నేర్చుకున్నదే. చదువు లేనివాళ్ళకి అన్నీ అనుమానాలే మేడమ్ అని చెప్పుకుంది.

రూతమ్మగారు కాగితం చూశారు. ఆవిడ మొహంలోనూ అనుమానమే కనబడింది. సాయంత్రం టైలరుకి ఇద్దామని తెచ్చుకున్న సంచీలోంచి తన జాకెట్టు ఒకటి తీసి హైమ చేతిలో పెట్టారు. రూతమ్మగారు భారీ మనిషి.

"ఆ పిల్లకి జాకెట్టు కుట్టిద్దాం. ఇదిగో ఆది."

హైమకి నవ్వొచ్చింది. "మీ ఆది ఆమెకేంటి మేడమ్? ఆమె అయితే ఇందులో రెండుసార్లు..."

మాట అక్కడే ఆగిపోయింది.

కంప్యూటర్లో చిన్న ఒళ్ళ బొమ్మలూ పెద్ద ఒళ్ళ బొమ్మలూ చాలానే ఉన్నాయి. హైమ ఎప్పుడూ తెరవగానే వచ్చేదాన్నే తీసుకునేది.

టేపు పట్టుకుని వెళ్ళి, అత్తగారు చూస్తుండగానే నాంచారి పొడుగూ నడుమూ కొలిచింది. సన్నటి ఒంట్లో కిరణాన్ని ఆపే కండ తక్కువ, బిడ్డదాకా ఎక్కువ చేరుతుంది. ఈసారి పంతొమ్మిది పాయింట్ రెండు ఆరు వచ్చింది.

వందకి అదీ చాలా దూరమే. అయినా హైమ వాళ్ళ దగ్గరికి వెళ్ళకుండా రూతమ్మగారి గదికే వచ్చింది. ఎలాగూ భయం లేదు కదా, పదకొండే ఉంచేద్దామా అని రూతమ్మగారిని అడిగింది. ఆవిడ తలెత్తకుండా జాకెట్టు మడత పెట్టుకుంటున్నారు.

హైమ వెళ్ళి చెప్పింది.

అత్తగారు కళ్ళు చిన్నవి చేసుకుని చూసింది. "పొద్దున పదకొండు, ఇప్పుడు పంతొమ్మిదా? రేపెంతంటావమ్మాయ్?"

"పొద్దున వేరేవాళ్ళ ఆదికి కట్టానండీ. ఇది మీ కోడలి ఆది."

అత్తగారు కోడలి వైపు తిరిగింది. దాచేదైతే మళ్ళీ వచ్చేది కాదులే అంది. "లే, ఇంటికెళ్దాం. పొద్దుట్నుంచీ ఏమీ తినలేదు నువ్వు."

నాంచారి పొట్ట మీది కొంగు వదిలేసి లేచింది.

హైమ తిరిగొచ్చి అడిగింది, "ఇప్పుడు కచ్చితంగా సరిపోయినట్టే కదా మేడమ్? పంతొమ్మిది పాయింట్ రెండు ఆరు."

రూతమ్మగారు జాకెట్టు మళ్ళీ తీసి, తిరగేసి, పక్క కుట్టు చూపించారు. కుట్టు లోపల రెండు వేళ్ళ వెడల్పున గుడ్డ వదిలి ఉంది.

"ఇది నా ఒంటికి కొలిచి కుట్టిందే," అన్నారు. "అయినా టైలరు ఇది వదిలాడు."

హైమ ఆ గుడ్డని వేళ్ళతో పట్టుకుని చూసింది. కాగితం ముందుకి లాక్కుని, పాయింట్ తర్వాత ఉన్నవి కొట్టేసింది. పంతొమ్మిదికి ముందు 'సుమారు' అని రాసింది.