అటక మీది మందు

విశాఖపట్నంలో త్రివిక్రమరావు అనే కంటి డాక్టరు ఉండేవాడు. హస్తవాసి గొప్పదే గాని, ఆయనకు దూరపు ఊళ్లవాళ్ల మీద బొత్తిగా నమ్మకం ఉండేది కాదు.

చూపును మెల్లగా తినేసే నీటికాసుల జబ్బుకు కొత్తగా చుక్కల మందు కనిపెట్టారు. బజారులోకి తేకముందు కొంతమంది రోగులకు వేసి మంచిచెడ్డలు చూడాలి. ఆ పరీక్ష ఆయనకు అప్పగించారు.

సంగతి విని పాడేరు కొండల నుంచి వంతల చిలకమ్మ అనే ఆవిడ, తన కూతురు జమున చెయ్యి పట్టుకుని వచ్చింది. చిలకమ్మకు చూపు అంచుల నుంచి మూసుకుపోతోంది. ఆమె తల్లి కూడా ఇదే జబ్బుతో చూపు పోయి, మళ్లీ గడప దాటకుండానే కన్నుమూసింది. ఆ భయంతో చిలకమ్మ రోజూ లేవగానే గుమ్మం కనిపిస్తోందా అని చూసుకునేది.

"నన్నూ సేర్చుకోండి డాక్టరు బాబూ. సీకటంటే బయిమేస్తోంది," అంది.

"మీరు ఘాటీ దిగి ఒకసారి వస్తారు, మళ్లీ కనబడరు. నా పరీక్షంతా పాడవుతుంది," అన్నాడు డాక్టరు.

"పాకుతూనైనా వత్తాను బాబూ!"

"అందరూ అలాగే అంటారు. మందు బయటికి వచ్చాక ఇస్తాలే, వెళ్లిరా."

ఆయన ఆసుపత్రి చుట్టుపక్కల పేటలవాళ్లనే చేర్చుకున్నాడు. వాళ్లందరి ఇళ్లలో ఫ్రిజ్ ఉంది. ఎవరూ చెప్పకుండానే సీసా అందులో పెట్టుకున్నారు. మందు భేషుగ్గా పనిచేసింది. డాక్టరుగారు శాలువా కూడా కప్పించుకున్నారు.

మందు బజారులోకి వచ్చేసరికి చిలకమ్మ కుడికన్ను పోయింది. ఎడమకన్ను ఒక్కటే మిగిలింది. మళ్లీ ఘాటీ దిగి వచ్చిన ఆమె చేతిలో డాక్టరు సీసా పెట్టి, "విలువైన మందు, భద్రంగా పెట్టుకో," అన్నాడు.

వాళ్ల ఊళ్లో భద్రమైన చోటంటే పొయ్యి మీది అటకే. అక్కడ పొగకు పురుగు పట్టదు, వానాకాలం చెమ్మ ఎక్కదు. చిలకమ్మ విత్తనాల మూట పక్కన సీసాను పదిలంగా దాచింది.

కొన్నాళ్లకు కన్ను మండసాగింది. మందు పనిచేస్తోంది కాబోలనుకుని ఓర్చుకుంది. ఒకరోజు లేచి గుమ్మం వైపు చూసింది.

"జమునా, ఇంకా తెల్లారలేదేటే?"

"ఎప్పుడో తెల్లారిపోనాది కదమ్మా!"

చిలకమ్మ గోడ పట్టుకుని కూలబడింది. ఆమె కేక విని ఇరుగుపొరుగు పరుగెత్తుకొచ్చారు.

కబురు అందగానే డాక్టరు బయలుదేరాడు. దూరపు కొండలు నునుపు. ఆ ఘాటీ ఎంత కష్టమో ఎక్కితే గాని ఆయనకు తెలియలేదు. ఇంట్లో అడుగు పెడుతూనే, "మందేదీ?" అన్నాడు. జమున అటక మీద నుంచి సీసా తీసి ఇచ్చింది. అది చేతికి వెచ్చగా తగిలింది. పొయ్యి వేడికి మందు విరిగి చెడిపోయింది.

"బద్రంగా పెట్టమన్నారు కదా బాబూ," అంది చిలకమ్మ, ఆయన ఎటున్నాడో తెలియక గోడ వైపు తిరిగి.

డాక్టరుకు తన తప్పు అప్పుడు తెలిసింది. కొండవాళ్లను ఒక్కరిని చేర్చుకున్నా, మందు వేడికి చెడుతుందన్న సంగతి పరీక్షలోనే బయటపడేది. ఆయన గుమ్మంలోకి వచ్చి చూశాడు. ఎదుటి కొండ నిండా ఇళ్లు. ప్రతి ఇంటి కప్పులోంచీ పొయ్యి పొగ లేస్తోంది. ఆ మందు ఇంకెన్ని అటకల మీద ఉందో! సీసా జేబులో వేసుకుని, మొదటి ఇంటి వైపు పరుగెత్తాడు.

నీతి: మందు అందరికోసమైతే, పరీక్షలోనూ అందరూ ఉండాలి. దూరమని కొందరిని వదిలేస్తే, ఆ తప్పుకు వాళ్లే బలైపోతారు.