ఒక్క పూటలో ముదిరిన గుమ్మడికాయలు

అవ్వకున్నవి రెండే: ఒక మనవరాలు, కొట్టం మీదికి పాకిన ఒక బూడిద గుమ్మడి తీగ. ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. తీగ మూడే పిందెలు వేసింది. వాటిలో ఒక్కటైనా ముదిరి విత్తనం కడితేనే వచ్చే ఏడు అవ్వకు తీగ ఉంటుంది.

గుమ్మడి ముదిరిందో లేదో ఆ ఊరివాళ్ళు గిల్లి చూడరు, తట్టి చూడరు. లేత కాయకు నూగు ఉంటుంది. ముదిరితే నూగు రాలి, ఒళ్ళంతా తెల్లగా బూడిద కడుతుంది. బూడిద కట్టిందా, కోసెయ్యడమే!

ఊరి పక్కన బొగ్గు మండించే పొడుగాటి గొట్టం ఒకటి కొత్తగా లేచింది. మహా గొప్పలరాయుడు అది. "కాయ ముదరడానికి నెలలు కావాలా? నాకు ఒక్క పూట చాలు" అని నవ్వి, గాలి ఊరివైపు తిరగ్గానే పొగ వదిలింది.

మర్నాడు పొద్దున్నే పొరుగింటాయన వీధిలోంచి కేకేశాడు. "అవ్వా, బిరీన రా! నీ కాయలు బూడిద కట్టినాయి!"

అవ్వ కొంగు బిగించి పరుగెత్తింది. నిజమే! నిన్నటి పిందెలు మూడూ తెల్లగా మెరిసిపోతున్నాయి. ఊరంతా పోగైంది. ఎవరో డప్పు అందుకున్నారు. "గొట్టం సామి సల్లగా సూసినాడు!" అంటూ ఒకాయన టెంకాయ కొట్టేశాడు.

"అది నా ఒంట్లోంచి వచ్చిన బూడిద కాదవ్వా, నాకు ఊపిరాడటం లేదు" అంది తీగ. ఆ డప్పుల హోరులో దాని గొడవ ఎవరికి పట్టింది?

అవ్వ మూడు కాయలూ కోసి, కత్తిపీట ముందు కూర్చుంది. మొదటిదాంట్లో గింజే లేదు. రెండోదీ అంతే. మూడోదాంట్లో ఉన్న గింజలు వేలితో తాకితే చితికిపోయాయి. అవ్వకు ఏడుపు ముంచుకొచ్చింది.

అప్పుడే మనవరాలు వీధిలోంచి గంతులేస్తూ వచ్చింది. దాని జుట్టు, కనుబొమ్మలు, బుగ్గలు, అన్నీ తెల్లగా ఉన్నాయి.

"అవ్వా, నన్ను సూడు! నేను గూడా ముదిరిపోయినా!"

పిల్ల పకపకా నవ్వింది. నవ్వు మధ్యలో దగ్గు వచ్చింది. ఆ దగ్గు ఎంతకీ ఆగలేదు.

అవ్వ దాన్ని చంకనేసుకుని బయటికి ఉరికింది. వీధి నిండా తెల్లబడ్డ పిల్లలే, డప్పుకు చిందులేస్తున్నారు.

"ఆపండ్రా! ఇంకా లేతవిరా! లేతవి!" అని అవ్వ గొంతు చించుకుని అరిచింది.

"కాయల కోసం ఏడవాకవ్వా, మళ్ళా కాస్తాయిలే" అన్నాడు పొరుగింటాయన, దగ్గుతూ.