కోట కట్టించినాయన పేరు

తన పేరు కలకాలం నిలిచేలా కోట కట్టిస్తానని, కుమ్మరివాడ ఖాళీ చేయమన్నాడు రాజు.

"ముందు ఒక్కపూట మా చుట్టుపక్కల చూద్దురుగాని రండి, ప్రభూ" అన్నాడు కుమ్మరి ఓదెలు.

జలపాతం చూపించి, దాని పైనున్న పాడుబడ్డ కోటకు తీసుకెళ్లాడు.

"ఎవరు కట్టించారిది?"

"ఎవరికీ గుర్తులేదు, ప్రభూ."

తిరిగి వాడకొచ్చారు. సారె మీంచి పచ్చికుండ దింపుతూ ఒక ముసలాయన "ఎల్లవ్వా, నీ చలవే" అన్నాడు.

"ఎవరామె?" అడిగాడు రాజు.

"ఈ మట్టి కుండకు పనికొస్తుందని మొదట కనిపెట్టిన అవ్వ. కుండ దింపినప్పుడల్లా తలుచుకుంటాం. ఆ కోటలోకి నీళ్లకుండలు ఇచ్చిందీ ఆవిడే" అన్నాడు ఓదెలు.

"మరి ఆ రాజు గురించి ఏమీ చెప్పుకోరా?"

"ఒక్కటే చెప్పుకుంటాం, ప్రభూ. ఆయనా వాడ ఖాళీ చేయమన్నాడట."

రాజు ముంతెడు నీళ్లడిగి తాగి, గుర్రమెక్కాడు. వాడ ఇప్పటికీ అక్కడే ఉంది.