కావిడిపెట్టె మీది పువ్వు

మా గురువుగారు కోటిలింగం గారిని ఎవరైనా ప్రశ్న అడిగితే ముందు విననట్టే ఉంటారు. ఒళ్ళో కొబ్బరాకు, చేతిలో చాకు. ఆకు చీరడం, ఈనె తీసి పక్కన పెట్టడం, మళ్ళీ ఇంకో ఆకు అందుకోవడం. కోనసీమలో కొబ్బరాకుకి లోటు లేదు గనక ఆయన పనికి అంతూ లేదు. ఓపిగ్గా కూర్చున్నవాడికి జవాబు, తొందరపడి లేచినవాడికి చీపురు ఇచ్చి పంపిస్తారని మాలో మేము వేళాకోళం ఆడుకునేవాళ్ళం. ఆయన చెవిన పడినా ఏమీ అనుకునేవారు కాదు.

ఎండాకాలం చివర్లో ఒక మధ్యాహ్నం సత్తిరాజు వచ్చాడు. కొబ్బరిపీచు వ్యాపారం చేస్తాడు. మనిషి మంచివాడే గానీ ముక్కు మీద కోపం. కూలీల మీద అరుస్తాడు, తమ్ముడి మీద అరుస్తాడు, అరిచాక ఇంటికెళ్ళి అన్నం సహించక ముసుగుతన్ని పడుకుంటాడు. ఆ కోపం తగ్గే దారి చెప్పమని చాలా ఏళ్ళ కిందట వస్తే, గురువుగారు ఒక తులసిపూసల మాల చేతిలో పెట్టి రోజూ పొద్దున్నే తిప్పుకోమన్నారు. సత్తిరాజు ఒక్కపూట కూడా మానలేదని మా అందరికీ తెలుసు. ఆ రోజు మాత్రం మాలని చాప మీద పెట్టి తను నిలబడే ఉన్నాడు. మొహం వడిలిపోయి ఉంది.

"ఇది మీరు తీసేసుకోండి గురువుగారూ. ఇన్నేళ్ళూ తిప్పానండి. పూసలరిగాయి గానీ నేనరగలేదు. పొద్దున్న కూర్చున్నంతసేపూ చల్లగానే ఉంటుందండి. ఎండెక్కేసరికి మళ్ళీ ఆ మనిషినే. నిన్న మా తమ్ముణ్ణి పదిమందిలో నానా మాటలూ అనేశాను. రోజూ మొదటికే వస్తుంటే ఇంకెందుకండీ ఇది? అలిసిపోయానండి."

గురువుగారు మాల వంక చూడలేదు. చేతిలో ఉన్న ఆకు పూర్తిగా చీరి, "నిలబడితే కాళ్ళు లాగుతాయి, కూర్చో" అన్నారు. సత్తిరాజు కూర్చున్నాక, ఎవరితోనో లోకాభిరామాయణం మాట్లాడుతున్నట్టు ఈ సంగతి మొదలుపెట్టారు.

గురువుగారికి మేనకోడలు వరసైన మంగతాయారు కాలవ అవతల ఊళ్ళో కాపరం చేస్తోంది. ఆమె అత్తగారు వెంకాయమ్మ గారికి పెద్దతనంలో జ్ఞాపకం పోయింది. కొడుకుని "ఎవరబ్బాయివి నాయనా" అంటుంది. కోడల్ని "మీదే ఊరమ్మా" అని అడుగుతుంది. అయినా ఆ ఇంట్లో రోజులు నెమ్మదిగానే వెళ్ళిపోయేవి, ఎందుకంటే ఆవిడకి ఒక్క వస్తువు గుర్తుంది. కాపరానికి వచ్చినప్పుడు పుట్టింటివాళ్ళు కావిడి మీద పంపించిన చెక్కపెట్టె. అది మంచం తలాపున ఉండేది. మూత మీద పువ్వు బొమ్మ. లేవగానే ఆ పువ్వు మీద చెయ్యి వేసి చూసుకునేది. నా పెట్టె ఇక్కడుంది గనక ఇది నా ఇల్లే అన్నది ఆవిడ ధైర్యం.

ఆ పెట్టెకి అడుగున పుచ్చు పట్టింది. కొడుకు తల్లి మీద ప్రేమతోనే వడ్రంగికి అప్పగించాడు. వడ్రంగి అడుగు చెక్క మార్చి ఊరుకుంటే బాగుండేది. పెద్దవాళ్ళ వస్తువు గదా అని పెట్టంతా చిత్రిక పట్టి, పాలిషు పెట్టి, తళతళలాడించి తెచ్చాడు. పువ్వు కాస్తా చెక్కపొట్టుతో పాటు పోయింది. వెంకాయమ్మ గారు దాని చుట్టూ తిరిగి చూసి, "ఎవరిదమ్మా ఈ పెట్టె? నాది ఏం చేశారు?" అంది.

ఆ రోజు నుంచి అది ఆవిడకి పరాయి ఇల్లు అయిపోయింది. కంచం ముందు పెడితే రెండు మెతుకులు నోట్లో వేసుకుని, "పరాయివాళ్ళ కొంపలో ఎన్నాళ్ళు తింటానమ్మా, నన్ను మా ఇంటికి పంపించెయ్యండి" అని తోసేసేది. తలుపు తీసి ఉంటే చాలు, కొంగు బిగించి కాలవ గట్టు మీదికి వెళ్ళిపోయేది. తాయారు పొయ్యి మీద ఎసరు పొయ్యి మీదే వదిలేసి పరిగెత్తాలి. బతిమాలి, చెయ్యి పట్టుకుని తీసుకొస్తే, గడపలో ఆగి "ఎవరిల్లమ్మా ఇది?" అని అడిగేది. ఆ మాట విన్నప్పుడల్లా తాయారుకి ఏడుపొచ్చేది. పెద్దావిడ చిక్కిపోతోంది, వెనక తిరిగి తిరిగి తాయారూ చిక్కిపోయింది.

చివరికి తాయారు మల్లేశ్వరాచారి గారి దగ్గరికి వెళ్ళింది. తీర్థాలకీ జాతరలకీ ముందు దేవుడి వాహనాలకి రంగులు వేసే ముసలాయన. ఆయన వచ్చి పెట్టె చూసి, "వేసిపెడతాలే తల్లీ. ఏం పువ్వు?" అన్నాడు.

తాయారు నున్నటి మూత వంక చూసింది. కాపరానికి వచ్చిన దగ్గర్నుంచీ ఆ మూత తుడుస్తూనే ఉంది. మందారమేమో అనుకుంది. మొగుడు తామర అన్నాడు. పక్కింటావిడ వచ్చి గన్నేరని ఒట్టేసి చెప్పింది. రేకులెన్ని అంటే ఎవరి దగ్గరా జవాబు లేదు. ఆచారికి ఒళ్ళు మండింది.

"ఇంతమందున్నారు, ఇన్నాళ్ళూ కళ్ళెక్కడ పెట్టుకున్నారమ్మా?"

విసుక్కున్నాడు గానీ పని మానుకోలేదు. మర్నాడు ఉప్పుకాగితంతో మూత మీద పాలిషు గీకేసి, మూడు చిప్పల్లో మూడు రంగులు కలిపాడు. ఎర్రటి కావిమన్ను, పసుపుపచ్చ రాతిపొడి, దీపం మసి, మూడింటికీ తుమ్మబంక. తాయారు మొగుడు బజార్లో ఏ రంగు కావాలన్నా దొరుకుతుందని చెప్పాడు. ఆచారి తల అడ్డంగా ఊపాడు. "ఆ రోజుల్లో పెట్టెలకి వేసినవాళ్ళ దగ్గర ఇవే ఉండేవి బాబూ. నాలుగోది కలిపితే అది ఇంకెవరి పెట్టో అవుద్ది." వార్నీషు డబ్బా తెచ్చి పక్కన పెట్టుకున్నాడు. ఆవిడ నాదే అన్నాకే అది పూస్తానని, పూశాక ఇంక దిద్దడానికి ఉండదని చెప్పాడు.

మొదట ఎర్ర తామర వేశాడు. చూడముచ్చటగా వచ్చింది. వెంకాయమ్మ గారు చెయ్యి కడుక్కుని వచ్చి, తడిచేత్తోనే పువ్వంతా తడిమి, "బాగుంది గానీ నాది కాదు. ఎవరిదో పాపం, వాళ్ళు వెతుక్కుంటూ ఉంటారు" అంది. ఆచారి మళ్ళీ వచ్చేసరికి రేకులు అలికినట్టయిపోయి ఉన్నాయి. తడిగుడ్డతో మొత్తం తుడిచేసి మందారం వేశాడు. అదీ కాదంది. కావిలో పసుపు కలిపి కనకాంబరం రంగు తీశాడు. మసి కలిపి ముదురు చేశాడు. గన్నేరు, చేమంతి, పేరు లేని పువ్వులు కూడా వేశాడు. వచ్చినప్పుడల్లా చెదిరిన పువ్వు తుడవడం, కొత్తది వెయ్యడం. ఆవిడ రోజూ దాని పక్కన కూర్చుని తడమడం, కాదనడం. పసుపులో మసి పడితే పచ్చ ఛాయ వస్తుందని ఆకులు కూడా తగిలించి చూశాడు గానీ అదీ పారలేదు.

వానలు మొదలయ్యే రోజుల్లో ఒకసారి ఆయన కుంచె పట్టుకుని ఊరికే కూర్చుండిపోయాడు. తాయారు మజ్జిగ తెచ్చి ఇచ్చింది.

"వదిలెయ్యండి ఆచారిగారూ. మీరు వేసేకొద్దీ నాకు ఆశ, ఆవిడ కాదనేకొద్దీ నీరసం. రెండూ ఓపలేకపోతున్నానండి."

"ఉన్న మూడు రంగుల్తో ఎన్ని పువ్వులొస్తాయో అన్నీ వచ్చేశాయి తల్లీ. నాక్కూడా ఓపిక లేదు" అన్నాడాయన. అయినా మజ్జిగ తాగి, తుడిచిన చెక్క మీద ఇంకోటి వేశాడు. గొప్ప పువ్వేం కాదు. చిన్నపిల్లలు పలక మీద గీస్తారే, అలాంటిది. అయిదు కావి రేకులు, నడుమ పసుపు బొట్టు, చుట్టూ మసిగీత. వెంకాయమ్మ గారు తడిమి చూసి కాదంది. ఆయన చిప్పలు కడుక్కుని వెళ్ళిపోయాడు. ఇంటికి వెళ్ళిన దగ్గర్నుంచీ జ్వరం. దానికి తోడు వానలు పట్టుకున్నాయి, గట్టు మీద దారి మోకాలి లోతు బురదయింది. ఆయన రాలేదు. తాయారూ కబురు పెట్టలేదు. పొద్దున్నే పెట్టె దగ్గరికి తీసుకెళ్ళి "ఇదేనా అత్తయ్యగారూ" అని అడగడం కూడా మానేసింది. అడిగే ఓపిక పోయింది. పెద్దావిడ మాత్రం వానకి బయటికి వెళ్ళడానికి లేక, పెట్టె పక్కనే కూర్చుని అలవాటు చొప్పున దాన్ని తడుముతూనే ఉండేది. అన్నం తిన్న తడిచెయ్యి, తలకి రాసుకున్న నూనెచెయ్యి, ఏదైతే అది.

వానలు వెలిశాక ఒక మధ్యాహ్నం తాయారు పెరట్లో బట్టలు ఆరేసి లోపలికి వచ్చింది. వెంకాయమ్మ గారు మంచం మీద కాళ్ళు చాపుకుని, మూత మీద చెయ్యి వేసుకుని కూర్చుని ఉంది. తాయారుని చూసి నవ్వింది. నవ్వి ఎన్నాళ్ళయిందో.

"ఏవమ్మాయ్, ఎండన పడి వచ్చావు. కూర్చో. మా ఇంట్లో అన్నం తిని వెళ్దువుగాని."

తాయారు నిలబడిపోయింది. "మీ ఇల్లేనా అత్తయ్యగారూ?" అంది.

"మరెవరిది? నా పెట్టె చూళ్ళేదూ?"

తాయారు వంగి చూసింది. ఆవిడ అరచెయ్యి ఆనేచోట రెండు రేకులు పూర్తిగా పోయాయి. మూడోది సగం. మసిగీత ఒక పక్కన కాస్త మిగిలింది. పసుపు బొట్టు చెక్కలోకి ఇంకిపోయి మరకలా ఉంది. చూస్తుండగానే తాయారుకి తెలిసింది. తను కాపరానికి వచ్చినప్పుడు కూడా పువ్వు ఇలాగే ఉండేది. మందారమో తామరో ఎవరూ చెప్పలేకపోయారంటే, ఆ ఇంట్లో ఎవరూ నిండు పువ్వుని చూడనే లేదు. తాయారు అక్కడే చతికిలబడి, అత్తగారి మోకాళ్ళ మీద తల పెట్టుకుని ఏడ్చింది. ఆవిడ, ఎవరో పాపం పరాయిపిల్ల అనుకుని వీపు నిమిరింది. ఆ పూట ఇద్దరూ ఒకే కంచంలో తిన్నారు.

జ్వరం తగ్గాక ఆచారి చిప్పలూ డబ్బా సంచిలో వేసుకుని మళ్ళీ వచ్చాడు. తాయారు ఏమీ చెప్పకుండా లోపలికి తీసుకెళ్ళింది. పెద్దావిడ ఆయన్ని ఎప్పుడూ చూడనట్టే చూసి, "ఎవరు నాయనా? పువ్వు చూస్తున్నావా? మా నాన్న వేయించాడు" అంది. ఆచారి మోకాళ్ళ మీద వంగి చాలాసేపు చూశాడు. కళ్ళు తుడుచుకున్నాడు. "ఎవరు వేశారో గానీ బాగా వేశారమ్మా" అన్నాడు. మంచినీళ్ళు అడిగి తాగి, సంచి భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. వార్నీషు డబ్బా మూత తియ్యనే లేదు.

గురువుగారు అంతవరకు చెప్పి మళ్ళీ ఆకు అందుకున్నారు. సత్తిరాజు చాప అంచు పీక్కుంటూ కూర్చుని, చివరికి ఉండబట్టలేక అడిగాడు.

"అయితే గురువుగారూ, పాపం ఆచారిగారు వేసినవన్నీ దండగేనంటారా?"

"ఆయన వెయ్యకపోతే ఆవిడ దేన్ని అరగదీసేది?" అన్నారు గురువుగారు.

ఎండ వాలింది. పీచు లారీ వచ్చే వేళయిందని గుర్తొచ్చిందేమో, సత్తిరాజు లేచి దణ్ణం పెట్టాడు. అప్పటికి గురువుగారు చాకు పక్కన పెట్టి, చాప మీది మాల తీశారు. ఒక్కో పూసనీ బొటనవేలితో రుద్ది చూశారు. ఏళ్ళ తరబడి తిరిగి తిరిగి అవి నున్నగా, నల్లగా అయి ఉన్నాయి. మాలని సత్తిరాజు వైపు చాపారు.

"ఇది నాది కాదు సత్తిరాజూ. నేనిచ్చిన పూసలు గరుగ్గా ఉండేవి. ఎవరిదో చూసి వాళ్ళకిచ్చెయ్యి."