ఎండలో డబ్బా కొట్టిన మార్తమ్మ

ఇటు తిరిగి పడుకో, దీవెనా. అమ్మమ్మకి నడుం లాగుతోంది, చిన్న కథే చెప్తాను.

అనగనగా సముద్రం ఒడ్డున ఒక ఊరు. ఆ ఊళ్ళో అందరూ ఉప్పు మడుల్లో పనిచేసేవాళ్ళు. మడిలో ఉప్పునీళ్ళు పెట్టాలి, ఎండనివ్వాలి, తేలిన ఉప్పుని చెక్క పలకలతో లాగి కుప్ప పోయాలి. ఇంటికొక కుప్ప, మొత్తం నలభై కుప్పలు. ఏడాది కూడంతా అందులోనే. ఒక్క వాన పడిందా, అంతా కరిగిపోయేది.

అందుకని వాళ్ళకో కట్టుబాటు. వాన వస్తుందని ఎవరికి తెలిసినా సరే, ఖాళీ డబ్బా కొట్టుకుంటూ గట్టు మీద పరిగెత్తాలి. అది విని అందరూ వచ్చి ఎవరి కుప్ప మీద వాళ్ళు తాటాకులు కప్పుకోవాలి.

ఆ ఊళ్ళో మార్తమ్మ అని ఒకావిడ, ఒంటరి మనిషి. పోయినేడు ఒక మబ్బుని చూసి డబ్బా కొట్టింది. అందరూ పరిగెత్తి కప్పారు. చినుకు పడలేదు. ఆకులన్నీ మళ్ళీ తీయడానికి ఒక రోజు పట్టింది. అప్పట్నుంచి మేస్త్రి యోనా, "ఏం, మబ్బుల మార్తమ్మా, ఇవాళ గొడుగు తెచ్చుకోమంటావా?" అనేవాడు. అందరూ నవ్వేవాళ్ళు. ఆవిడ ఇంక డబ్బా ముట్టలేదు.

ఆ తర్వాత ఒక వేసవి మధ్యాహ్నం. ఉప్పు లాగి లాగి అలిసిపోయి అందరూ ఇళ్ళల్లో పడుకున్నారు. మార్తమ్మ గట్టు మీదే కూలబడింది. అరికాళ్ళు ఉప్పుకి పగిలి మండుతున్నాయి.

అప్పుడు దేవుడు పిలిచాడు. "మార్తమ్మా, వాన వస్తోంది. లేచి అందర్నీ పిలువు."

ఆవిడ పైకి చూసింది. ఒక్క మబ్బు లేదు. "నా మాట ఎవరు నమ్ముతారు ప్రభువా? ఇంకెవర్నైనా చూసుకో" అంది.

మళ్ళీ పిలిచాడు. "ఇంకోసారి తప్పయితే ఈ ఊళ్ళో తలెత్తుకోలేను" అంది.

మూడోసారి పిలిచాడు. "అలిసిపోయాను తండ్రీ, లేవలేను" అంది. ఏడ్చింది కూడా.

"నేనూ అలిసిపోయాను మార్తమ్మా, పొద్దుట్నుంచి పిలిచి పిలిచి" అన్నాడు దేవుడు.

ఏమిటే? దేవుడికి అలుపొస్తుందా అంటావా? ఏమో తల్లీ. ఆవిడకి మాత్రం ఆ గొంతులో అలుపు వినిపించింది. విన్నాక ఇంక కూర్చోలేకపోయింది.

అప్పుడు లేచి డబ్బా కొట్టింది. యోనా కిటికీలోంచి చూసి, "ఎండ మాడ్చేస్తుంటే దీనికి మబ్బు కనిపించిందట! పడుకోండ్రా" అన్నాడు. ఎవరూ రాలేదు.

ఆ తర్వాత ఆవిడ డబ్బా పక్కన పడేసి, యోనా కుప్పని కప్పడం మొదలుపెట్టింది. అదయ్యాక పక్కవాళ్ళది కప్పింది. మూడోదాని దగ్గరికి వెళ్ళేసరికి, యోనా కేకలకి ఊరంతా కోపంగా బయటికొచ్చింది. "మా కుప్పలు ముట్టుకోవడానికి నువ్వెవరివి? మళ్ళీ ఆకులు తీసేదెవరు, మీ నాన్నా?" అని అరుస్తూ ఎవరి కుప్పకి వాళ్ళు కాపలా నిలబడ్డారు.

సరిగ్గా అప్పుడు గాలి తిరిగింది. సముద్రం మీంచి మబ్బు నల్లగా లేచింది. తిట్టడానికి వచ్చినవాళ్ళు కుప్పల దగ్గరే ఉన్నారు కదా, చేతికందిన ఆకు లాగి కప్పేశారు. ఇళ్ళల్లో ఉండుంటే అందుకునేవాళ్ళు కాదు.

వాన వెలిసింది. ముప్పై తొమ్మిది కుప్పలు మిగిలాయి. పోయింది మార్తమ్మది ఒక్కటే. అది చివరి మడిలో ఉంది, ఆవిడ అక్కడిదాకా వెళ్ళనే లేదు.

ఖాళీ మడి గట్టున ఆవిడ కూర్చుంటే, యోనా వచ్చి పక్కన కూర్చున్నాడు.

"ముందు నీది కప్పుకోవచ్చు కదమ్మా?"

"నాది కప్పుకుంటే మీరు లేచొచ్చేవాళ్ళా, అన్నా?"

యోనా మెల్లగా అన్నాడు. "నన్ను కూడా పిలిచాడు, మార్తమ్మా. పొద్దున్నే. అందరూ నవ్వుతారని ఊరుకున్నాను."

అప్పుడు లేచి వెళ్ళి, తన కుప్పలోంచి ఒక తట్టెడు ఉప్పు తెచ్చి ఆవిడ గట్టు మీద పోశాడు. వెనకాలే ఇంకొకరు తెచ్చారు. ఆ వెనకాల ఇంకొకరు. చాలు అనడానికి కూడా ఓపిక లేక, మార్తమ్మ అక్కడే ఒరిగి నిద్రపోయింది.

ఉప్పు చేరె గట్టుకి,
కథ చేరె కంచికి,
నిద్ర చేరె మన మంచానికి.